రానివాళ్ళ లెక్క

ఊళ్ళో జ్వరాలు పెరుగుతున్నాయి. బడి మానేసే పిల్లలు మాత్రం తగ్గుతున్నారు. ఈ రెండూ ఒకే వారంలో నిజం కావడానికి వీల్లేదని భూతద్దం మాస్టారు సోమవారం పదకొండు గంటలకు, బడి ఆఫీసు గోడకు తగిలించిన గళ్ళ కాగితం ముందు నిలబడి తీర్మానించుకున్నారు.

ఆ కాగితం ఆయన చేత్తో గీసిందే. అడుగున తేదీలు, పక్కన అంకెలు, అరవై ఒకటి దగ్గర ఎర్రసిరాతో అడ్డగీత. బడిలో పిల్లలు ఆరువందల పన్నెండు మంది. అందులో పదోవంతు ఒకే రోజు రాకపోతే అది మామూలు జలుబు కాదు, ఫ్లూ గుమ్మం దాటి లోపలికి వచ్చిందని గుర్తు. అప్పుడు ఆరోగ్య శాఖకు ఫోన్ చెయ్యాలి. ఇళ్ళల్లో పసిపిల్లలూ, ఆయాసం మనుషులూ ఉన్న కుటుంబాలకు ఆ పూటే కబురు పంపాలి. ఈ ఏర్పాటంతా మాస్టారిదే. రెండు నెలల క్రితం బడి పెద్ద టీచరు ఆయన ఇంటికొచ్చి, "ఈ ఏడు ఫ్లూ గట్టిగా రావచ్చంటున్నారు. మాకు తోచింది చేస్తాం గాని, లెక్క తెలిసినవాళ్ళొకరు పక్కనుంటే బాగుంటుంది" అని అడిగారు. లెక్క అన్న మాట వినిపిస్తే మాస్టారికి కాళ్ళు నిలవవు.

ఆయన పదవీ విరమణ చేసి ఏడేళ్ళయింది. కళాశాలలో ముప్ఫై ఏళ్ళు భౌతికశాస్త్రం చెప్పారు. తాడును చూసి పాము అనుకునేవాళ్ళు లోకంలో కోటిమంది ఉంటారు. ఆయన మాత్రం తాడును చూసి, ఇది తాడేనని ఎవరు చెప్పారని అడిగే రకం. విద్యార్థులు పెట్టిన పేరు భూతద్దం. ఆ పేరు విని నొచ్చుకోకపోగా, అది పొగడ్తేనని ఆయన నమ్మకం.

ఏర్పాట్లు పకడ్బందీగానే జరిగాయి. తరగతి గదుల కిటికీలు జానెడు తెరిచి ఉంచాలన్నారు, తెరిచారు. కుళాయిల దగ్గర సబ్బులు పెట్టించారు. దగ్గే పిల్లను కూర్చోబెట్టడానికి మేడమెట్ల పక్క గదిలో అట్లాసులన్నీ ఖాళీ చేయించి ఒక మంచం వేయించారు. తల్లిదండ్రులకు పంచిన కరపత్రాన్ని మాస్టారు ఏడుసార్లు తిరగరాశారు: జ్వరం ఉన్న బిడ్డను బడికి పంపకండి, పంపడం లేదని పొద్దున్నే ఆఫీసుకు ఫోన్ చేసి చెప్పండి, మందు వెయ్యకుండా జ్వరం దిగి ఒక పూర్తి రోజు గడిచాకే మళ్ళీ పంపండి. చివరిగా, రెండో గంట మోగిన తర్వాత ప్రతి తరగతి నుంచీ ఆఫీసుకు ఒక చీటీ రావాలి. అందులో మూడే గళ్ళు: తరగతి, మొత్తం పిల్లలు, గైర్హాజరు. గుమస్తా అన్నిటినీ కూడి ఒక అంకె రాసిపెడతాడు. పదకొండింటికి మాస్టారు వచ్చి ఆ అంకెను గళ్ళ కాగితం మీద చుక్కగా పెడతారు.

ఇవాళ్టి చుక్క పన్నెండు.

నిరుడు ఇదే నెలలో, ఏ ఫ్లూ లేని రోజుల్లో, రోజుకు పాతిక మంది గైర్హాజరని ఇదే గుమస్తా పాత రిజిస్టర్లు చూసి చెప్పాడు. ఇప్పుడేమో వీధి చివర మందుల షాపతను, "జ్వరం సిరప్ శనివారం ఒక పెట్టె దించాను మాస్టారూ, ఆదివారానికి అడుగంటింది. థర్మామీటర్లు కూడా లేవు" అంటున్నాడు. అయినా చుక్క పన్నెండు.

"కూడిక సరిచూశావా?" అని అడిగారు మాస్టారు.

గుమస్తా తలెత్తలేదు. ముప్ఫై ఏళ్ళుగా అదే కుర్చీలో కూర్చుని, కుర్చీ ఆకారానికి వచ్చేసిన మనిషి. "పదహారు చీటీలు సార్. వేళ్ళు చాలకపోతే కాళ్ళవి కూడా కలుపుకుంటాను. పన్నెండే."

సరిగ్గా పన్నెండింటికి జేబులో ఫోన్ మోగింది. కూతురు.

"నాన్నా, ఎంత?"

"పన్నెండు తల్లీ."

"గీతకి?"

"చాలా కింద."

"అయితే రేపు కూడా పంపనా దీన్ని?"

ఈ ప్రశ్న కోసమే ఆ గళ్ళ కాగితం మీద మాస్టారికి అంత పట్టింపు. కూతురి ఇంట్లో నలభై రోజుల పసివాడున్నాడు. ఐదు వారాలు ముందే పుట్టాడు. బరువు ఇంకా మూడు కిలోలకు రాలేదు. ఆరు నెలలు నిండేదాకా ఏ పసిబిడ్డకూ ఫ్లూ టీకా వెయ్యరు. చుట్టూ ఉన్నవాళ్ళే వాడికి గోడ. కూతురూ అల్లుడూ మాస్టారూ ఎప్పుడో వేయించుకున్నారు. పసివాడి అక్క, ఎనిమిదేళ్ళది, అందరూ పిడుగని పిలిచేది, టీకా రోజున మంచం కిందకి దూరి ఎవరికీ దొరకలేదు. చివరికి పట్టుకుని వేయించి నాలుగు రోజులే అయింది. ఆ టీకా పనిలోకి దిగాలంటే రెండు వారాలు కావాలి. పోనీ ఇంట్లో ఉంచుదామా అంటే, ఎన్నాళ్ళని? రోజంతా తమ్ముడి ఉయ్యాల చుట్టూ బొంగరంలా తిరుగుతుంది. అందుకే తండ్రీ కూతుళ్ళు ఒక ఒప్పందానికి వచ్చారు. గీత కింద ఉన్నన్నాళ్ళూ పిడుగు బడికి వెళుతుంది. గీతను తాకిన రోజున మానేస్తుంది.

మాస్టారు గళ్ళ కాగితం మీది చుక్కను మళ్ళీ చూశారు. ఆ పన్నెండు మీద ఆయనకు నమ్మకం లేదు. కాని నమ్మకం లేకపోవడానికి రుజువూ లేదు. రుజువు లేని అనుమానాన్ని నోట్లోంచి బయటకు వదిలితే దాన్ని పుకారంటారని ముప్ఫై ఏళ్ళు పాఠం చెప్పిన మనిషి.

"పంపు" అన్నారు.

*

మంగళవారం చుక్క పదమూడు. మాస్టారు ఇక ఊరుకోలేదు. గుమస్తా నీళ్ళు తాగడానికి లేచిన రెండు నిమిషాల్లో చీటీల కట్ట అందుకుని ఒక్కొక్కటీ కిటికీ వెలుతురుకు ఎత్తి చూశారు. పదిహేనింట్లో ఏమీ లేదు. నాలుగో తరగతి చీటీలో ఉంది. మొదట మూడు అని రాసి, కొట్టేసి, పక్కన ఒకటి అని రాశారు.

నాలుగో తరగతి అంటే పిడుగు తరగతే.

ఆయన చీటీని ఉన్నచోటే పెట్టారు గాని, ఆ మూడు ఆయన తలలో ఉండిపోయింది. మూడు ఒకటి ఎలా అవుతుంది? రాని పిల్లలు మధ్యలో పుట్టుకొస్తారా? కారణం వెతకబోతే ఒకటి కాదు, మూడు దొరికాయి. మొదటిది, గుమ్మం పక్కన అద్దాల బీరువాలో మెరుస్తున్న బహుమతి షీల్డు. ఏ తరగతిలో గైర్హాజరు తక్కువో ఆ తరగతికిస్తారు, రెండేళ్ళుగా అది నాలుగో తరగతిదే, ఆ టీచరు దాన్ని వదులుకుంటుందా? రెండోది, శనివారం ఆటల పోటీలు. పెద్దలు వస్తున్నారు, కుర్చీలు తెప్పించారు, అలాంటప్పుడు పెద్ద టీచరుకు ఫ్లూ అన్న మాట గొంతులో ముల్లే కదా. మూడోది గుమస్తా, పని తగ్గుతుందంటే సూర్యుడు పడమట పొడిచాడని కూడా రాసిపెట్టే మనిషిలా కనిపించాడు ఆ పూట.

ముగ్గురిలో దొంగ ఎవరో తేలలేదు. ముగ్గురూ కలిసే చేస్తున్నారేమోనన్న ఆలోచన కూడా రాకపోలేదు. వరండాలో పెద్ద టీచరు ఎదురై, "అంకెలు చల్లగా ఉన్నాయి కదండీ, మీ పుణ్యమే" అని నవ్వితే, ఆ నవ్వులో ఎన్ని పళ్ళు కనిపించాయో కూడా మాస్టారు లెక్క పెట్టుకున్నారు.

పన్నెండింటికి ఫోన్. పదమూడు. పంపు.

బుధవారం పదకొండు. పంపు.

ఆ సాయంత్రం ఆయన కూతురి ఇంటికి వెళ్ళారు. మాస్కు పెట్టుకుని, చేతులు సబ్బుతో కడుక్కుని, ఉయ్యాలకు నాలుగు అడుగుల దూరంలో కుర్చీ వేసుకున్నారు. పిడుగు కూడా చేతులు కడుక్కుని వచ్చి, "పది నిమిషాలు నా వంతు" అంటూ తమ్ముణ్ణి ఒళ్ళోకి తీసుకుంది. తల్లి గడియారం చూసి సరే అంది.

"ఏమే పిడుగూ, బడెలా ఉంది?"

"సూపర్ తాతయ్యా. బెంచీ మొత్తం నాదే. కాళ్ళు చాపుకుని కూర్చోవచ్చు."

మాస్టారి వీపు నిటారుగా అయింది. "బెంచీకి ముగ్గురు కదా మీరు?"

"ఇటు పిల్ల రాలేదు, అటు పిల్ల రాలేదు. వెనక బెంచీలో కూడా ఒకడే. వాడు మాట్లాడడు, బోర్."

"మొత్తం ఎంతమంది రాలేదేమిటి?"

"నేనేమైనా టీచర్నా, లెక్కపెట్టడానికి?" పిడుగు తమ్ముడి వేలు పట్టుకుని ఊపుతోంది. "నేనడిగాను, వాళ్ళేరి టీచర్ అని. రానివాళ్ళ సంగతి నీకెందుకు, వచ్చినదానివి నువ్వు చదువు అంది."

వంటింట్లోంచి కూతురు, "ఏంటి నాన్నా, ఆరా తీస్తున్నారు? ఏమైనా ఉందా?" అని అడిగింది.

అప్పుడు చెప్పి ఉండవలసింది. నోటిదాకా వచ్చింది కూడా. కాని ఎనిమిదేళ్ళ పిల్ల సాక్ష్యం, కొట్టివేసిన ఒక అంకె. ఈ రెండింటితో ఒక టీచరు మీద దొంగలెక్క నేరం మోపడమా? రేపు తన కళ్ళతో చూసి, తన వేళ్ళతో లెక్కపెట్టి, అప్పుడు మాట్లాడదామనుకున్నారు.

"ఏం లేదులే" అన్నారు. పిడుగుకు ఇంకా నాలుగు నిమిషాలు మిగిలి ఉన్నాయి.

*

గురువారం ఆయన పదకొండు దాకా ఆగలేదు. పదింటికే బడికి చేరి, కిటికీల తనిఖీ అని చెప్పి ఒకటో తరగతి నుంచి మొదలుపెట్టారు. మూడు గదుల కిటికీలను పనిలేకపోయినా కొలిచారు. నాలుగో తరగతి దగ్గర ఆగి, జానతో చట్రాన్ని కొలుస్తున్నట్టు నటిస్తూ తలలు లెక్కపెట్టారు. ఇరవై ఏడు. మళ్ళీ వెనక నుంచి ముందుకు. ఇరవై ఏడే. తరగతి పిల్లలు ముప్ఫై ఎనిమిది మంది. మధ్య వరసలో పిడుగు ఒక్కతీ బెంచీకి ఈ చివర నుంచి ఆ చివరకు జరుగుతూ మహారాణిలా ఉంది.

బల్ల దగ్గర టీచరు తలెత్తింది. యాభై ఏళ్ళావిడ, మాస్కు పైనుంచి కనిపించే రెండు కళ్ళూ చాలు, పిల్లలు నోరు మూసుకోవడానికి. ముందున్న రిజిస్టరును టక్కున మూసింది.

"మాస్టారూ, కిటికీలు లెక్కపెడుతున్నారా, పిల్లల్నా?"

"రెండూ" అన్నారు మాస్టారు.

అక్కడి నుంచి తిన్నగా ఆఫీసుకు వెళ్ళి నాలుగో తరగతి చీటీ తీశారు. గైర్హాజరు: ఒకటి.

పదకొండు మంది లేరు. కాగితం మీద ఒకరే లేరు. ముప్ఫై ఏళ్ళలో ఏ ప్రయోగమూ ఇంత శుభ్రంగా తేలలేదాయనకు. చీటీ పట్టుకుని పెద్ద టీచరు గదిలోకి వెళ్ళి, తలుపు దగ్గరకు వేసి, కూర్చోమనకుండానే కూర్చున్నారు.

"అమ్మా, మీ బడిలో ఎవరో లెక్క దాస్తున్నారు" అన్నారు. "ఎవరో తెలియదు. ఎందుకో తెలియదు. మీకే తెలిసి ఉండవచ్చునని కూడా నా అనుమానం. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత మొహమాటం ఉండకుండా."

పెద్ద టీచరు ముఖం ఎర్రబడింది. ఐతే గొంతు పెంచలేదు. చీటీ చూసింది, ఆయన లెక్క విన్నది, గంట కొట్టి ఇద్దరినీ పిలిపించింది. టీచరు రిజిస్టరుతో వచ్చింది. గుమస్తా ఎందుకైనా మంచిదని తన లావుపాటి పుస్తకం కూడా చంకన పెట్టుకొచ్చాడు.

"మీ తరగతిలో ఇవాళ ఎంతమంది రాలేదు?" అని అడిగింది పెద్ద టీచరు.

"పదకొండు మంది" అంది టీచరు, తడుముకోకుండా.

మాస్టారు ముందుకు వంగారు. "మరి చీటీలో ఒకటని రాశారేం?"

"గైర్హాజరు ఒకటి కాబట్టి."

"తక్కిన పదిమంది?"

"సెలవులో ఉన్నారు." ఆవిడ రిజిస్టరు తెరిచి ఆయన ముందుకు తిప్పింది. పది పేర్లకెదురుగా, ఎర్రసిరాతో, పొందికగా, సెలవు గుర్తులు. "జ్వరం, పంపడం లేదని వాళ్ళ అమ్మానాన్నలు ఫోన్ చేసి చెప్పారు. చెప్పి మానేసినవాళ్ళు సెలవు. చెప్పకుండా మానేసినవాళ్ళు గైర్హాజరు. మీ చీటీలో గైర్హాజరు అనే అడిగారు. ఇందులో దొంగలెక్క ఎక్కడుంది?"

మాస్టారు ఆ పది గుర్తులనూ వేలితో ఒక్కొక్కటే తాకి చూశారు.

"మంగళవారం మూడు కొట్టేసి ఒకటి చేశారు" అన్నారు మాస్టారు. ఆయన గొంతు సగానికి తగ్గింది.

"ఇద్దరి ఇళ్ళ నుంచి తొమ్మిదిన్నరకి ఫోన్ వచ్చింది. ఇతను కబురు పంపాడు. పాపం, చెప్పినవాళ్ళని గైర్హాజరులో ఎందుకుంచాలి?"

గుమస్తా గొంతు సవరించుకున్నాడు. "నేను చేరిన నాటి నుంచీ ఇదే పద్ధతి సార్. సెలవు అడిగినవాణ్ణి గైర్హాజరు వేస్తే తల్లిదండ్రులు ఊరుకుంటారా? మీద పడతారు. ఒక్క మాట మాత్రం చెప్పాలి. నిరుడు సగం మంది చెప్పాపెట్టకుండా మానేసేవాళ్ళు. మీ కరపత్రం వెళ్ళాక అందరూ బుద్ధిగా ఫోన్లు చేస్తున్నారు. ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర దాకా నా చెవి ఊడిపోతోంది. మీరు పదకొండింటికి వస్తారు కాబట్టి మీకు ఆ సంగీతం వినపడదు."

మాస్టారికి అర్థమైంది. అర్థం కావడం ఇంత అవమానంగా ఉంటుందని ఆయన ఎరుగరు. కళాశాలలో హాజరు పిలిస్తే పలికినవాడు ఉన్నట్టు, పలకనివాడు లేనట్టు. ఎందుకు లేడన్నది ఎవరికీ పట్టదు. చిన్నబడిలో చెప్పి మానడం వేరు, ఎగ్గొట్టడం వేరని ఆయనకు తట్టలేదు, ఎవరినీ అడగలేదు. కరపత్రంలో ఫోన్ చెయ్యమన్నది తనే. చీటీలో గైర్హాజరు గడి గీసిందీ తనే. కరపత్రం మాట ఎంతమంది వింటే చీటీలో అంకె అంత తగ్గుతుంది. నిప్పు రాజుకునేకొద్దీ చప్పబడిపోయే గంటను స్వహస్తాలతో కట్టి, అది మోగడం లేదేమిటా అని ఊరందరినీ అనుమానించారు.

"సెలవుల మొత్తం ఉందా?" అన్నారు.

గుమస్తా లావుపాటి పుస్తకం తెరిచాడు. రోజువారీగా గీతలు కొట్టి, అడుగున కూడి, ముత్యాల్లాంటి అంకెలు. ఇతణ్ణా పని దొంగ అనుకున్నది? సోమవారం ముప్ఫై ఎనిమిది. మంగళవారం నలభై తొమ్మిది. బుధవారం యాభై ఎనిమిది. ఇవాళ డెబ్భై నాలుగు. మాస్టారు పక్కన తన అంకెలు చేర్చుకుంటూ పోయారు. యాభై. అరవై రెండు. అరవై తొమ్మిది. ఎనభై నాలుగు.

"మంగళవారమే దాటేసింది గీత" అన్నారు. మంగళ, బుధ, రెండు రోజులూ తను ఫోన్లో అన్న మాట చెవుల్లో మోగింది.

ఇక పెద్ద టీచరు ఆటల పోటీల సంగతి ఎత్తుతుందని ఆయన ఎదురుచూశారు. ఆవిడ అప్పటికే ఫోన్ అందుకుని ఆరోగ్య శాఖ నంబరు నొక్కుతోంది. ఫోన్లో సంగతంతా చెప్పి పెట్టేసి, "శనివారం పరుగులు వద్దు. వచ్చే నెల పరిగెత్తుతారు, కాళ్ళెక్కడికీ పోవు. కుర్చీలవాడికి చెప్పు" అని గుమస్తాతో అంది. తర్వాత మాస్టారి వైపు తిరిగి, "పసిపిల్లలున్న ఇళ్ళ జాబితా మీ దగ్గరే ఉంది కదా? ఒక్కొక్క ఇంటికీ ఇప్పుడే చెబుదాం. రేపటి నుంచి చీటీలో ఖాళీ సీట్లు లెక్కపెట్టి రాయమంటాను. కారణం తర్వాత" అంది.

నాలుగో తరగతి టీచరు రిజిస్టరు మూసుకుని లేచింది. తలుపు దగ్గర ఆగింది.

"నేను దొంగనని ఎప్పటి నుంచి అనుకుంటున్నారు మాస్టారూ?"

"మంగళవారం నుంచి" అన్నారాయన. అబద్ధం చెప్పే అలవాటు లేదు.

"మంగళవారం వచ్చి అడిగుంటే మంగళవారమే చెప్పేదాన్ని కదా" అని వెళ్ళిపోయింది.

*

జాబితాలో పంతొమ్మిది ఇళ్ళు. పద్దెనిమిదింటిని గుమస్తా, పెద్ద టీచరు పంచుకున్నారు. పంతొమ్మిదోది మాస్టారికి వదిలేశారు.

"నాన్నా, ఇంకా పన్నెండు కాలేదే? ఎంత?"

"ఎనభై నాలుగు."

"నిన్న పదకొండన్నారు."

"నిన్న అరవై తొమ్మిది. మొన్న అరవై రెండు. నా చీటీ తప్పు తల్లీ. సెలవు పెట్టినవాళ్ళు అందులోకి రావడం లేదు. ఎవరూ దాచలేదు. నేనే సరిగ్గా అడగలేదు."

పసివాడు ఎక్కడో చిన్నగా మూలిగాడు. కూతురు ఫోన్ భుజానికీ చెవికీ మధ్య పెట్టుకుని జోకొడుతున్నట్టు తెలుస్తోంది. వాడు సర్దుకున్నాక అడిగింది. "నిన్న సాయంత్రం దాన్ని ఆరా తీశారు కదా. అప్పటికే అనుమానం ఉందా?"

"ఉంది. సోమవారం నుంచి ఉంది."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"రుజువు లేదు."

"నేనేమైనా కోర్టులో కేసు వెయ్యబోతున్నానా నాన్నా, రుజువు కావడానికి? దీన్ని ఇంట్లో కూర్చోబెట్టుకోవడానికి మీ అనుమానం చాలు నాకు. మీ అంకె నాకిచ్చారు, మీ అనుమానం మీ దగ్గరే ఉంచుకున్నారు. ఆ అంకె చూసుకుని నిన్న వాణ్ణి దాని ఒళ్ళో పెట్టాను."

మాస్టారు ఒప్పుకోవడానికి ఆలస్యం చెయ్యలేదు. "నాదే తప్పు. పిడుగును నేను నా ఇంటికి తీసుకుపోతాను. దాని బట్టలు సంచిలో పెట్టి గుమ్మం బయట ఉంచు."

"వాడికేమైనా అవుతుందా?"

ఏమీ కాదు అనాలని నాలుక కొసన ఉంది. తండ్రులందరూ అనే మాట. "తెలియదు" అన్నారు. "పిడుగుకు ఇంకా ఏమీ లేదు, ఉన్నా, పది నిమిషాల్లో అంటుకుందో లేదో చెప్పలేను. నాలుగైదు రోజులు కనిపెట్టుకుని ఉండాలి."

"సరే. తెలియనప్పుడు ఏం చెయ్యాలో అది చెప్పండి. రాసుకుంటాను."

చెప్పారు. పాలిచ్చే ముందు చేతులు, ముఖానికి మాస్కు. గది కిటికీ ఎప్పుడూ తెరిచే. అల్లుడు బయట నుంచి రాగానే బట్టలు మార్చి గాని ఉయ్యాల వైపు రాకూడదు. పూటపూటా ఒంటి వేడి. పాలు తాగడం తగ్గినా, ఊపిరికి డొక్కలెగరేసినా, వేడి నూటికి పైన అర గీత కనిపించినా, "నాకు ఫోన్ చెయ్యకు. నేరుగా డాక్టరు దగ్గరికి పరిగెత్తు. ఫోన్ దారిలో చెయ్యొచ్చు."

"రాసుకున్నాను" అని పెట్టేసింది.

శుక్రవారం మాస్టారి ఇంట్లో పిడుగు గోడలెక్కింది. శనివారం తెల్లారేసరికి మునగదీసుకుని పడుకుంది. నూటరెండు. మాస్టారు నుదుటి మీద తడిగుడ్డ మారుస్తూ, గంటకోసారి నీళ్ళు పట్టిస్తూ, ప్రతి పూటా కూతురికి ఫోన్ చేశారు. సంభాషణ రెండు ముక్కలే. "ఇక్కడ నూటరెండు. అక్కడ?" "తొంభై ఎనిమిది. తాగుతున్నాడు." మర్నాడు, "ఇక్కడ నూటొకటి." "ఇక్కడ తొంభై ఎనిమిదిన్నర." ఆ అర గీత విని, గంటలో మళ్ళీ చూడమన్నారు మాస్టారు. సాయంత్రానికి అది మళ్ళీ తొంభై ఎనిమిదికి దిగింది.

పసివాడికి జ్వరం రాలేదు. చేతులు కడిగినందుకా, కిటికీ తెరిచినందుకా, పిడుగుకు బుధవారానికి ఇంకా అంటుకోనే లేదా అన్నది తేల్చడానికి మార్గం లేదు. ఒకే పసివాడు, ఒకే వారం. రెండోసారి చేసి చూసే ప్రయోగం కాదు. అది తన తెలివేనని చెప్పుకునే అవకాశం మాస్టారు ఒక్కసారి కూడా వాడుకోలేదు.

తర్వాతి గురువారం కూతురు పిడుగును తీసుకుపోవడానికి వచ్చింది. మెట్ల మీదే ఆగింది, మాస్కుతో. పిడుగు సంచీ సర్దుకుని, చెప్పులు వేసుకుని, గుమ్మంలో సిద్ధంగా ఉంది.

"జ్వరం లేదుగా?"

"మందు లేకుండా మూడు రోజులైంది. బడికి వెళ్ళవచ్చు, ఇంటికీ రావచ్చు. డాక్టరూ అదే అన్నాడు."

"అయితే తీసుకుపోనా?"

మాస్టారు మనవరాలి వైపు చూశారు, తర్వాత కూతురి వైపు. "తీసుకుపోవచ్చు. కాని రాత్రి రెండుసార్లు దగ్గింది. దాని వల్ల ఎవరికీ అంటుకోదనే నా అంచనా. అంచనాయే. రుజువు లేదు. నీ ఇంట్లో వాడుండకపోతే ఈ మాట అనేవాణ్ణి కాదు."

"తాతయ్యా!" అని అరిచింది పిడుగు. "నేను దగ్గలేదు! అది కుర్చీ చప్పుడు!"

కూతురు పిడుగు సంచీ వైపు ఒకసారి చూసింది. "ఇంకో రెండు రోజులు ఇక్కడే ఉంచుకోండి నాన్నా" అంది. "శనివారం వస్తాను."

పిడుగు చెప్పులు విసిరేసి లోపలికి వెళ్ళి మంచం మీద బోర్లా పడింది. కూతురు నాలుగు మెట్లు దిగి, వెనక్కి తిరిగి, "రేపు కూడా చెప్పండి, దగ్గితే" అంది.

"దగ్గినా, దగ్గిందేమోనని అనిపించినా చెబుతాను."

ఆమె తలూపి దిగిపోయింది. లోపల పిడుగు దిండులోకి ముఖం పెట్టి, వినపడేటట్టు, తాతయ్యను తిడుతోంది.